వాడుకుని తిరిగిచ్చేసిన లైబ్రరీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవడానికేం లేదు, టెక్కలి దగ్గర మా కాలేజీలో ఏ గుంటణ్ణి అడిగినా చెబుతాడు. కంప్యూటర్ ల్యాబులో ప్రోగ్రామర్‌గా చేరి ఇరవై ఏళ్ళకు దగ్గరపడుతోంది. పాఠం చెప్పేది మాస్టార్లు. ఆ పాఠం కంప్యూటర్లో నడవకపోతే తిట్లు తినేదీ నేనే, తిట్టేదీ నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదే అని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పి చెప్పి అలిసిపోయింది. మా చర్చిలో పాస్టరుగారు ఒక ఆదివారం నాలుకని అదుపులో పెట్టుకోవడం గురించి ప్రార్థన చేయిస్తుంటే, ముందు వరసలోని నలుగురు ఆడవాళ్ళు కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేనూ తెరిచే ఉంచాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

ఈ కోపం వల్లే ఒక మనిషి ఎనిమిదేళ్ళ చదువు ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరయ్యేది. అది చెప్పుకుంటే గానీ నా మనసు కుదుటపడేలా లేదు.

అతన్ని ల్యాబులో పిల్లలందరూ మావ అని పిలిచేవారు. వాళ్ళకి ఇరవై, ఇరవై ఒకటి ఉంటే అతనికి ఇరవై ఏడు. ఊరు సుమ్మాదేవి స్టేషన్‌కి కాస్త అవతల, ఉద్దానంలో. మూడో ఏడు చదువుతుండగా పెద్ద తుఫాను వచ్చి వాళ్ళ కొబ్బరి తోట, జీడి తోట రెండూ పడుకోబెట్టేసింది. తండ్రికి అప్పటికే కిడ్నీ జబ్బు, పలాసలో డయాలసిస్‌కి తిప్పుతున్నారు. పడిన చెట్లు కోసి, మొద్దులు పెకలించి, మళ్ళీ మొక్కలు పాతడానికి ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు. చదువు ఒగ్గేసి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకి తండ్రి పోయాడు. ఆ తరవాత తల్లి పోరగా పోరగా తిరిగొచ్చి, మిగిలిపోయిన పేపర్లు ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాడు. పొద్దున్నే తోటలో నీళ్ళు పెట్టి, ప్యాసింజర్ పట్టుకుని పలాసలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో టెక్కలి వచ్చేవాడు. చొక్కా చేతుల మీద జీడి గింజల జీడి మచ్చలు ఉండేవి. అవి ఎంత ఉతికినా పోవు.

యూనివర్సిటీ రూలు ఒకటుంది. నాలుగేళ్ళ చదువుని ఎనిమిదేళ్ళలోపు ముగించాలి, లేకపోతే రాసిన పేపర్లన్నీ చెల్లకుండా పోతాయి. అతనికి ఆ ఎనిమిదో ఏడు కూడా అయిపోవచ్చింది. పేపర్లన్నీ గట్టెక్కాడు, ఫైనలియర్ ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. ఆ వైవాలో ప్రోగ్రామ్ నడిస్తే ఇంజినీరు, నడవకపోతే ఇంటర్ పాసైన రైతు. మధ్యలో ఇంకేం లేదు.

ప్రాజెక్టు అతనే ఆలోచించుకున్నాడు. మిగతా పిల్లలు పాత బ్యాచీల నుంచి తెచ్చి పేరు మార్చుకునే రకం. అతను మాత్రం చెట్ల పుస్తకం తయారుచేస్తానన్నాడు. తుఫాను తరవాత నష్టపరిహారానికి చెట్లు రాసుకోవడానికి గవర్నమెంటు మనుషులు వస్తే, మా తోటలో ఇన్ని ఉండేవి, ఇన్ని పోయాయి అని ఊళ్ళో ఎవరూ నికరంగా చెప్పలేకపోయారట. తాతలు వేసిన చెట్లని ఎవరు లెక్కపెట్టుకుంటారు. అందుకని ఇంటింటికీ తిరిగి, ఏ తోటలో ఏ చెట్టు ఎప్పుడు వేశారు, ఏది బతికింది, ఏది పడింది అని రాసుకొచ్చాడు. వాటిని ప్రోగ్రామ్‌లోకి ఎక్కించి, బటన్ నొక్కితే ఒక్కో ఇంటికీ ఒక్కో కాయితం తెలుగులో వచ్చేలా చేయాలని అతని పట్టుదల. ఇంగ్లీషులో చేసుకోవయ్యా, పని తొందరగా అవుతుందని నేను కసిరాను. ఇంగ్లీషులో ఇస్తే మా అమ్మ ఏటి సదువుతాది మేడమ్ అని నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడ లైబ్రరీల గొడవ కాస్త చెప్పాలి. జావాలో ప్రోగ్రామ్ రాసేవాడు ప్రతిదీ తనే రాసుకోడు. ఎక్సెల్ ఫైలు చదవడానికి, డేటాబేస్‌తో మాట్లాడ్డానికి, పీడీఎఫ్ తయారుచేయడానికి ఎప్పుడో ఎవరో రాసి మూటగట్టి పెట్టినవి ఉంటాయి. వాటినే లైబ్రరీలంటాం, ఆ మూటని జార్ ఫైలంటాం. ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో మన ప్రాజెక్టు పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, బిల్డ్ పాత్ అన్నదాంట్లోకి వెళితే వాటిని కలుపుకునే చోటు వస్తుంది. అక్కడ ఒక బటను ప్రాజెక్టు ఫోల్డర్ లోపల పెట్టుకున్న జార్లని కలుపుతుంది. ఇంకో బటను బయట ఎక్కడున్నా సరే కలుపుతుంది. బయటిది కలిపితే ఆ ఫైలు మన ప్రాజెక్టులోకి వచ్చేసిందని పిల్లలు అనుకుంటారు. రాదు. ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉందని అడ్రసు మాత్రం రాసుకుంటుంది. రేపు ఆ అడ్రసులో ఫైలు కనపడకపోతే ఎర్ర గుర్తు పెట్టి కూర్చుంటుంది. ఈ ముక్క నేను ప్రతి బ్యాచీకీ చెబుతాను. ఆ ఏడు చెప్పిన రోజున అతను జీడితోటలో పిక్కలు ఏరుతున్నాడు.

నెట్ ఉన్నచోట ఇప్పుడు లైబ్రరీలు వాటంతటవే దిగిపోయే పద్ధతులు వచ్చాయి. మా దగ్గర రోడ్డు పనుల జేసీబీ ఎప్పుడు కేబుల్ తెంపుతుందో ఆ డ్రైవర్‌కే తెలీదు. అందుకని కావలసిన జార్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఐడీ కార్డు తాడుకి కట్టి మెళ్ళో వేసుకు తిరుగుతాను. అందులో పాత బ్యాచీల ప్రాజెక్టులు కూడా ఉంటాయి. ఒకసారి ఒక మహానుభావుడు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, నాలుగు ప్రాజెక్టులు ఎత్తేసి, బదులుగా ఒక వైరస్ తెచ్చిచ్చాడు. అది ల్యాబు రికార్డులు తినేస్తే మళ్ళీ కూర్చుకోవడానికి వారం పట్టింది. ఆ రోజు ల్యాబు మధ్యలో నిలబడి అరిచాను, ఇకమీదట ఎవరైనా ల్యాబులోనే వాడుకుని ఇచ్చేయాలి, ఒక్క ఫైలు కూడా కాపీ చేసుకోడానికి వీల్లేదు అని. కొత్తగా ఏదీ పెట్టకూడదని మాత్రం చెప్పలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నాను.

వైవా ఇంకో పది రోజులుందనగా ఒక శనివారం అతను వచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డాడు. జీడి దిగుబడి రోజులు, ల్యాబులో కూర్చునే తీరిక లేదు, పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్ళి పని ముగించుకుంటానన్నాడు. కుదరదన్నాను. వాదించకుండా వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ వీపు చూస్తే నాకే ఏదోలా అయింది. వెనక్కి పిలిచి తాడు మెళ్ళోంచి తీసిచ్చాను. ఇచ్చేది ఇవ్వొచ్చు కదా నోరు మూసుకుని. ఇవ్వలేదు.

"సోమవారం పొద్దున్నకి నా చేతిలో ఉండాలి. ఒక్క ఫైలు నీ లాప్‌టాప్‌లోకి దింపినావో, నీకూ నాకూ చెల్లు. వాడుకో, ఇచ్చీ, అంతే."

అతను తలూపి వెళ్ళాడు. ఆ మాటని నేను బెదిరింపుగా అన్నాను, అతను మాట ఇచ్చినట్టుగా పుచ్చుకున్నాడు. ఉద్దానం వాళ్ళ సంగతి నాకు తెలియంది కాదు, మాది సంతబొమ్మాళి వైపే. అక్కడ ఎవరి గునపం తెచ్చుకున్నా, చెట్టెక్కే తాడు తెచ్చుకున్నా పొద్దుగూకేలోపు కడిగి, తుడిచి తిరిగిచ్చేయాలి. అరువు తెచ్చుకున్నదాన్ని ఎరువు సొమ్ము బరువు చేటు అని ముసలమ్మలు ఊరికే అనరు. ఇంకోటి కూడా ఉంది. పక్కింటి గిన్నె తెచ్చుకుంటే దాన్ని ఉత్తిగా తిరిగివ్వకూడదు. నాలుగు పిడికిళ్ళ అటుకులో, రెండు అరటిపళ్ళో, ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి. ఉత్తి గిన్నె ఇస్తే ఇచ్చిన ఇంటికి మంచిది కాదంటారు.

సోమవారం ఎనిమిదింటికి నేను వెళ్ళేసరికి ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పెన్‌డ్రైవ్‌ని పాలిథిన్ కవరులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పక్కన సంచిలో ఒలిచిన పనస తొనలు. ప్రోగ్రామ్ మొత్తం నడిచిందనీ, కాయితాలు తెలుగులో చక్కగా వచ్చాయనీ, మాటిచ్చినట్టే ఒక్క ఫైలూ దింపుకోలేదనీ చెప్పాడు. పిక్కలు ఏరేవాళ్ళు తోటలో ఎదురుచూస్తున్నారని వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్ళిపోయాడు.

పనస తొనలు తింటూ పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. అందులో నేను పెట్టని కొత్త ఫోల్డర్ ఒకటి, దాంట్లో ఎన్నడూ వినని పేరుతో ఒక ఫైలు. ఒళ్ళు మండిపోయింది. ఇదేటి అని ఒక్క ఫోన్ కొట్టి అడిగితే నా సొమ్మేం పోయేది కాదు. అడగలేదు. వీడూ అదే బాపతే అనుకుని, మొత్తం పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశాను. ల్యాబు కంప్యూటర్లోంచి జార్లన్నీ మళ్ళీ ఎక్కించాను. ఎలాగూ కొత్తగా పెడుతున్నా కదా అని ఫోల్డర్ల పేర్లు మార్చి, బుద్ధిగా సర్దుకున్నాను. ఒక చేత్తో అతను తెచ్చిన పనస తొన తింటూ ఇంకో చేత్తో అతను పెట్టింది చెరిపేశానన్నమాట. ఆ తరవాత ఆ సంగతే మర్చిపోయాను.

వైవా రోజు వచ్చింది. విశాఖ వైపు నుంచి ఒక పెద్దాయన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చారు. మనిషి నెమ్మది, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ప్రతి ప్రాజెక్టూ నడిపించి చూసేదాకా పేజీ తిప్పడం లేదు. నెట్ మూడు రోజుల నుంచి లేదు. అతని వంతు పదకొండింటికి వచ్చింది. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, మడతలు కూడా పోలేదు. లాప్‌టాప్ తెరిచి ప్రాజెక్టు మీద నొక్కాడు. ఆ ఆదివారం తరవాత తెరవడం అదే మొదలట. నడిచిన ప్రోగ్రామ్‌ని మళ్ళీ మళ్ళీ చూసుకునే తీరిక తోట ఇవ్వలేదు.

స్క్రీన్ నిండా ఎర్ర గుర్తులు. నేను రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాను, అక్కణ్ణుంచే కనబడ్డాయి. అతను కంగారుపడలేదు. కాసేపు చూసి, సంగతి అర్థమైనట్టుంది, నా దగ్గరికొచ్చి మెల్లగా పెన్‌డ్రైవ్ ఒకసారి ఇప్పించమన్నాడు. ఇచ్చాను. పెట్టాడు. ఎర్ర గుర్తులు అలాగే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ తెరిచి లోపల చూశాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. అతను ఎరిగిన ఫోల్డర్ ఒక్కటీ లేదు. అప్పుడు తలెత్తి నావైపు చూశాడు.

పనస తొనలు, కొత్త ఫోల్డర్, ఫార్మాట్, పేర్లు మార్చడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. బయటి జార్లని నా పెన్‌డ్రైవ్ మీది నుంచే కలుపుకున్నాడు. ఆ అడ్రసుని నేను చేతులారా తుడిచేశాను.

ఎగ్జామినర్‌గారు, ఏం బాబూ, నడవడం లేదా అనడిగారు. అతను, ఆదివారం నడిచింది సార్ అన్నాడు. ప్రతి ఏడూ ఈ మాట పదిమంది దగ్గర వింటుంటాను బాబూ అని ఆయన చిన్నగా నవ్వి, మార్కుల షీటు దగ్గరికి లాక్కున్నారు. ఆయన తప్పేం లేదు. ఇది అతనికి ఆఖరి అవకాశమని ఆయనకి తెలీదు, అతను చెప్పుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఎర్ర గుర్తుల్నే చూస్తూ కూర్చున్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ క్షణంలో ఊరుకుందామనే అనిపించింది. నేను చెరిపానని అతను తప్ప ఎవరికీ తెలీదు, అతను చెప్పే రకం కాదు. బయటి జార్లని కలిపేటప్పుడు కాపీ పెట్టుకోవాలని తెలీకపోవడం విద్యార్థి తప్పే అని ఎవరైనా అంటారు. ఇరవై ఏళ్ళుగా నలుగురినీ తిట్టిన నోటితో, ఆ నలుగురి ముందే, తప్పు నాదని చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. ఎగ్జామినర్‌గారు పెన్ను మూత తీశారు. ఆ పెన్ను చూసేసరికి మాత్రం ఇక ఆగలేకపోయాను.

"సార్, ఆగండి. తప్పు ఇతనిది కాదు. నాది."

ల్యాబు మొత్తం ఇటు తిరిగింది. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు. ఫైళ్ళు దింపుకోవద్దని బెదిరించింది నేను, బయట కలిపితే అడ్రసు మాత్రమే ఉంటుందని ఆ రోజు ఇతనికి చెప్పనిది నేను, అడక్కుండా చెరిపేసింది నేను, ఎనిమిదేళ్ళ గడువు ఈ సెమిస్టర్‌తో సరి అని కూడా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు కదమ్మా, వాళ్ళని చూసేసి భోంచేసి వస్తాను, ఆలోపు ఇతను తన చేత్తో నడిపించి చూపిస్తే చూస్తాను అన్నారు. మీరు కీబోర్డు మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం లేదన్నారు. నేను తలూపాను.

వెనక బెంచీకి వెళ్ళి కూర్చున్నాం. నేను చెబుతుంటే అతను చేశాడు. ప్రాజెక్టు లోపల లిబ్ అని కొత్త ఫోల్డర్ తెరిచాడు. పెన్‌డ్రైవ్‌లోని జార్లని ఒక్కొక్కటే దాంట్లోకి కాపీ చేశాడు. బిల్డ్ పాత్‌లోకి వెళ్ళి, ఎర్ర గుర్తున్న పాత అడ్రసులన్నీ తీసేశాడు. ఈసారి బయటి బటను కాకుండా లోపలి బటను నొక్కి, లిబ్ ఫోల్డర్‌లోంచి అన్నీ కలిపాడు. ఎర్రవి ఒక్కటొక్కటే పోతున్నాయి. ప్రతి జారూ కాపీ చేసేముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఎందుకాగుతున్నావని నేను విసుక్కోబోయి, నాలుక కరుచుకున్నాను. నేను వద్దన్న పనే చేస్తున్నాడు మరి.

అన్నీ పోయాక ఒక ఫైలు పక్కన మాత్రం ఎర్ర గుర్తు మిగిలింది. దానికి కావలసిన లైబ్రరీ మా ల్యాబులో లేదు. అది ఏటని అడిగాను. అప్పుడు చెప్పాడు, తలొంచుకుని, నన్ను నొప్పించకుండా చెప్పాలని చూస్తూ.

మామూలు పీడీఎఫ్ లైబ్రరీతో తెలుగు రాస్తే అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట పడుతున్నాయట. పెన్‌డ్రైవ్ అడగడానికి ముందే నాలుగు రోజులు వెతికి, తెలుగు అక్షరాల్ని సరిగ్గా కూర్చే లైబ్రరీ ఒకటి పట్టుకున్నాడు. ఆ శనివారం పలాసలో నెట్ సెంటర్‌కి వెళ్ళి తిన్నగా నా పెన్‌డ్రైవ్‌లోకే దింపాడు.

"మీ ల్యాబులో ఇది లేదు కదా మేడమ్. వచ్చే ఏడు గుంటలకి అక్కరకొత్తాదని మీకోసం ఉంచీసినాను. ఉత్తిది తిరిగివ్వకూడదు కదా."

అతను తెచ్చిచ్చినవాటిలో పనస తొనలు ఒక్కటే నేను పుచ్చుకున్నాను. అసలుది చెత్తబుట్టలో వేశాను. ఈ మనిషి నా గిన్నెలో పెట్టిన అటుకుల్ని నేను వైరస్ అనుకున్నాను.

ఏడవడానికి టైం లేదు. లైబ్రరీ పేరు, వెర్షన్ నంబరు చుక్కలతో సహా అతనికి నోటికొచ్చు, కాయితం మీద రాసిచ్చాడు. కీబోర్డు ముట్టుకోవద్దన్నారు గానీ ఫోన్ ముట్టుకోవద్దనలేదు కదా అని ఎగ్జామినర్‌గారి దగ్గరికెళ్ళి అడిగాను. ఫైలు తెచ్చివ్వడం వరకు పర్లేదన్నారు. మా ల్యాబు గోడల మధ్య సిగ్నల్ రాదు. మూడంతస్తులు ఎక్కి మేడ మీదికి పోయాను. మే నెల ఎండ, చెప్పులు కింద విడిచి వచ్చానని పైకెళ్ళాక గానీ తెలీలేదు. వాటర్ ట్యాంకు నీడ జానెడుంది, ఆ నీడలో ఒంటికాలి మీద నిలబడి డౌన్‌లోడ్ నొక్కాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగింది. నౌపడ వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది, చేతిలో ఫోన్ చెమటకి జారిపోతోంది. దేవుడా, నా నోరు పడిపోయినా సరే, ఈ ఒక్కటి దిగనీ అని పైకే అన్నాను. మూడోసారి దిగింది. ప్రార్థనకి దిగిందో, గాలికి సిగ్నల్ వచ్చి దిగిందో నేను వాదించను.

కిందికి వచ్చేసరికి ఎగ్జామినర్‌గారు భోంచేసి వచ్చి కూర్చున్నారు. అతను ఫోన్‌కి కేబుల్ పెట్టి, ఫైలు లిబ్ ఫోల్డర్‌లో వేసి, కలిపాడు. ఆఖరి ఎర్ర గుర్తు పోయింది. రన్ నొక్కాడు. నేను స్క్రీన్ చూడలేదు, ఫ్యాన్ చూస్తూ నిలబడ్డాను.

నడిచింది. ఎగ్జామినర్‌గారు తనే ఒక ఇంటి పేరు ఎంచి కాయితం తియ్యమన్నారు. ప్రింటర్లోంచి వచ్చిన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ, ఒక్కోటి ఎవరి హయాంలో వేశారు, ఎక్కడ వేశారు. బావి పక్కన, దారి మొగలో, అమ్మమ్మ వేసింది. పడిపోయినవి అని ఒక గడి. ఆ గడి పొడుగ్గా కిందిదాకా ఉంది. మళ్ళీ వేసినవి అని పక్కనే ఇంకో గడి. ఒత్తులన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. ఆయన చాలాసేపు చదివారు. ఆ లైబ్రరీలు ఏవేవి, దేన్ని ఎందుకు కలిపావు, బయట నుంచి కలపడానికీ లోపల పెట్టి కలపడానికీ తేడా ఏమిటని అడిగారు. ఆ ఆఖరి ప్రశ్నకి నా బ్యాచీల్లో ఎవరూ అంత బాగా జవాబు చెప్పలేదు. ఈ కాయితం నేను ఉంచుకోవచ్చా అని ఆయన అతన్నే అడిగి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత షీటు మీద మార్కులు వేసి, సంతకం చేసి, తిప్పి అతనికి చూపించారు. అలా చూపించకూడదు, అయినా చూపించారు.

అందరూ వెళ్ళాక ల్యాబులో మేమిద్దరమే మిగిలాం. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, నీ ఫైలు నేను చూడకుండా చెరిపేశానయ్యా, నాది దిక్కుమాలిన కోపం అని ఏదో గొణిగాను. అతను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ, ఆగాడు.

"తుపానప్పుడు తియ్యగా మాటాడీసి ఒట్టిచేతుల్తో ఎళ్ళిపోయినోళ్ళని శానామందిని సూసినాం మేడమ్. మీరు తిట్టినా ఇచ్చినారు కదా."

తరవాత కాస్త మొహమాటపడుతూ ఒక సాయం అడిగాడు. వాళ్ళమ్మకి నన్నే ఫోన్ చేసి చెప్పమన్నాడు. తను చెబితే నమ్మదట. ఇంతకుముందు రెండు మూడుసార్లు అయిపోయిందమ్మా అని చెప్పాక ఏదో పేపరు తన్నిందని తేలేది, అప్పట్నుంచి ఆవిడ ఆ మాటకి మొహం తిప్పేసుకుంటుందట. నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు.

ఆవిడ తోటలో ఉన్నట్టుంది, వెనక ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. నేను ఫలానా అని చెప్పి, మీ అబ్బాయి పాసయ్యాడమ్మా అన్నాను. ఇంకా ఏదైనా మిగిలిందా అని అడిగింది. ఏమీ మిగల్లేదన్నాను. పరీక్షలు గానీ, రాయాల్సినవి గానీ, ఏవీ లేవా అని మళ్ళీ అడిగింది. ఏవీ లేవన్నాను. అవతల మాటల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఆవిడ నాకు దణ్ణాలు పెట్టడం మొదలెట్టింది. నీ పున్నెం తల్లీ, నీ కడుపు సల్లగుండ, నువ్వు పెన్నుడైవిచ్చినావని ఆడు సెప్పినాడు, అని. అది మాత్రం నేను వినలేకపోయాను.

"అమ్మా, నా వల్లే ఈరోజు మొత్తం పోయేది. అతను తెచ్చిపెట్టింది నేను చెరిపేశాను," అన్నాను.

ఆవిడ ఒక్కటే అడిగింది.

"పోలేదు కదమ్మా?"

"పోలేదు."

"మరింకేటి. ఆడు పొద్దున్న ఏటీ తినకుండా వచ్చీసినాడు, తిన్నాడేటో అడుగు తల్లీ."

అడిగాను. తినలేదన్నాడు. నేనూ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. క్యారేజీ తీసి, అన్నం రెండు గిన్నెల్లోకి సర్ది, పెద్దది అతని వైపు జరిపాను. మూడు ముద్దలు తిన్నాక అతనికి ఏడుపు ఆగలేదు. నేను చూడనట్టు తల వంచుకుని, అతని గిన్నెలో ఇంకాస్త పప్పు వేశాను.